పక్కపక్కన ఉన్న రెండు తీగల మధ్య అయస్కాంత బలాన్ని చూడడం, కొలవడం ఎలా?

రెండు తీగల్ని సమాంతరంగా పెట్టి రెండింటిలోనూ కరెంటు పంపితే అవి ఒకదాన్నొకటి లాక్కుంటాయి, లేదా తోసుకుంటాయి. పుస్తకంలో ఇది ఒక బొమ్మ, ఒక సూత్రం, అంతే. బల్ల మీద చేసి చూద్దామని కూర్చుంటే మాత్రం చాలామందికి మొదటిసారి ఏమీ కదలదు. కదిలినా, అది తీగల మధ్య బలం వల్లేనా, ఫ్యాన్ గాలి వల్లా, వేడెక్కి వంగడం వల్లా అని తేల్చుకోలేరు. ఈ బలం చాలా చిన్నది. పైగా దానితో పోల్చదగ్గ ఇతర బలాలు చుట్టూ కాచుకుని ఉంటాయి. వాటిలో భూమి అయస్కాంత క్షేత్రం పెద్దది. కాబట్టి సామాను కూర్చడం కంటే, మనకు కావలసిన బలాన్ని మిగతావాటి నుంచి విడదీయడమే ఇక్కడ అసలు పని. దానికి ఒక సులువైన కిటుకుంది. కాటా దగ్గరికి వచ్చినప్పుడు చెబుతాను.

ముందు కాగితం మీద లెక్క

ఏదైనా కొనేముందు, కట్టేముందు, ఎంత బలం వస్తుందో లెక్కేసుకోండి. పొడవాటి రెండు తిన్నని తీగలకు సూత్రం ఇది:

బలం = 2 × 10⁻⁷ × మొదటి తీగ కరెంటు × రెండో తీగ కరెంటు × పొడవు ÷ మధ్య దూరం

కరెంటు ఆంపియర్లలో, పొడవు, దూరం మీటర్లలో వేస్తే బలం న్యూటన్లలో వస్తుంది. దూరం అంటే ఒక తీగ నడిమి నుంచి ఇంకో తీగ నడిమికి. రెండు తీగల మధ్య కనిపించే ఖాళీ కాదు. తీగ లావుగా ఉంటే ఈ తేడా లెక్కను బాగా చెడగొడుతుంది.

మీటరు దూరంలో ఉన్న రెండు తీగల్లో 1 ఆంపియర్ చొప్పున పోతే మీటరు పొడవుకు 2 × 10⁻⁷ న్యూటన్లు వస్తుంది. సుమారు 20 మైక్రోగ్రాముల బరువు. 1948 నుంచి 2019 దాకా ఆంపియర్‌కు అంతర్జాతీయ నిర్వచనం ఈ సంఖ్యే. 2019 మే 20 నుంచి ఎలక్ట్రాన్ ఆవేశానికి ఒక స్థిరమైన విలువ కట్టి, దాని మీద ఆంపియర్‌ను నిలబెట్టారు. మన పనికి మాత్రం ఆ 2 × 10⁻⁷ ఇప్పటికీ అదే, తేడా ఏదైనా మన కాటాకు అందనంత చిన్నది.

సూత్రంలో మన చేతిలో ఉన్నవి మూడు: కరెంటు పెంచడం, దూరం తగ్గించడం, తీగ పొడవు పెంచడం. రెండు తీగల్లోనూ ఒకే కరెంటు పోతుంటే దాన్ని రెట్టింపు చేసినప్పుడు బలం నాలుగు రెట్లవుతుంది. దూరం సగం చేస్తే బలం రెండు రెట్లే. అందుకని ముందు కరెంటు సంగతి చూడండి.

ఏ దిక్కుకు కదలాలి?

దీన్ని బట్టీ పట్టనక్కర్లేదు, రెండు అడుగుల్లో తేలిపోతుంది. రెండు తీగలూ నిలువుగా ఉన్నాయి, రెండింటిలోనూ కరెంటు పైకి పోతోంది అనుకోండి. ఎడమ తీగను కుడిచేత్తో, బొటనవేలు పైకి ఉండేలా పట్టుకున్నట్టు ఊహించుకోండి. మిగతా వేళ్లు తిరిగే దిక్కే దాని అయస్కాంత క్షేత్రం. కుడి తీగ ఉన్న చోట ఆ క్షేత్రం మీ నుంచి దూరంగా, కాగితం లోపలికి పోతుంది. ఇప్పుడు ఎడమచేతి నియమం: చూపుడు వేలు క్షేత్రం వైపు, మధ్య వేలు కరెంటు వైపు పెడితే బొటనవేలు బలాన్ని చూపిస్తుంది. అది ఎడమకు, అంటే మొదటి తీగ వైపు తిరుగుతుంది. ఒకే దిక్కు కరెంట్లు లాక్కుంటాయి, ఎదురెదురు కరెంట్లు తోసుకుంటాయి.

సజాతి ధ్రువాలు వికర్షించుకుంటాయని చదివిన అలవాటుతో చాలామంది ఇక్కడే తిరగేసి చెబుతారు. ఒక తీగలో 10 ఆంపియర్లు, ఇంకోదానిలో 2 ఆంపియర్లు ఉంటే పెద్ద కరెంటు తీగ ఎక్కువ బలంతో లాగుతుందనుకోవడం ఇంకో పొరపాటు. సూత్రంలో ఉన్నది రెండు కరెంట్ల లబ్ధం. రెండు తీగల మీదా బలం సమానమే, దిక్కులే ఎదురెదురు.

కరెంటు తీగ దగ్గర దిక్సూచి ముల్లు కదులుతుందని డెన్మార్క్ శాస్త్రవేత్త ఆర్‌స్టెడ్ 1820లో ప్రకటించాడు. ఆ వార్త పారిస్ చేరిన కొద్ది వారాల్లోనే, అదే ఏడాది సెప్టెంబరులో, అయస్కాంతమేదీ లేకుండా రెండు తీగలే ఒకదాన్నొకటి లాక్కుంటాయని ఫ్రెంచి శాస్త్రవేత్త ఆంపియర్ అక్కడి శాస్త్ర అకాడమీ ముందుంచాడు. మీరు చేయబోయేది దాదాపు అదే.

మొదటి పని: ఫాయిల్ పట్టీలతో కళ్లతో చూడడం

గట్టి రాగి తీగలతో మొదలుపెట్టకండి. వాటి బరువు ముందు ఈ బలం ఎందుకూ కొరగాదు. వంటింటి అల్యూమినియం ఫాయిల్ నుంచి 40 సెం.మీ. పొడవు, 5 మి.మీ. వెడల్పు ఉన్న పట్టీలు రెండు కోయండి. కత్తెర వద్దు, స్టీలు స్కేలు ఆనించి బ్లేడుతో ఒక్క గీతలో కోస్తే అంచులు చిరగవు. ఫాయిల్ మందం 15 మైక్రాన్ల దగ్గర ఉంటే ఒక్కో పట్టీ బరువు 0.08 గ్రాములు, నిరోధం 0.15 ఓమ్ వస్తుంది. రెండింటిలోనూ 5 ఆంపియర్లు పంపి 5 మి.మీ. దూరంలో పెడితే బలం 0.0004 న్యూటన్లు. పట్టీ బరువులో దాదాపు సగం! అందుకే ఇది కంటికి స్పష్టంగా కనిపిస్తుంది. పట్టీ వెడల్పు కూడా 5 మి.మీ. కాబట్టి నిజంగా వచ్చేది సూత్రం చెప్పినదాని కంటే ఓ 12 శాతం తక్కువ. చూడడానికి అదేం అడ్డు కాదు.

చెక్క లేదా అట్ట చట్రంలో పట్టీల్ని నిలువుగా, వెడల్పు ముఖాలు ఎదురెదురుగా ఉండేలా బిగించండి. ఇనుప స్టాండు వద్దు. పట్టీల్ని లాగి కట్టకండి, అలాగని వేలాడేంత వదులూ వద్దు. 40 సెం.మీ. పట్టీకి ఒక మిల్లీమీటరు వదులిస్తే మధ్యలో సెంటీమీటరు పైగా కదలగలదు. అది సరిపోతుంది. కొసల దగ్గర ఫాయిల్‌ను రెండు మూడు మడతలు వేసి క్రొకడైల్ క్లిప్పుతో పట్టండి. ఒంటి పొరను పట్టిస్తే క్లిప్పు పళ్ల దగ్గర కాలి తెగుతుంది.

కరెంటుకు అన్నిటికన్నా మంచిది కరెంటు పరిమితి పెట్టుకునే డీసీ పవర్ సప్లై. 5 ఆంపియర్ల దగ్గర ఆపండి. అది లేకపోతే 12 వోల్టుల లెడ్ యాసిడ్ బ్యాటరీకి వరసలో 55 వాట్ల కారు హెడ్‌లైట్ బల్బు, 10 ఆంపియర్ల ఫ్యూజు పెట్టండి. ఆ బల్బు కరెంటును నాలుగున్నర ఆంపియర్ల దగ్గర పట్టి ఉంచుతుంది. ఇందులో ఓ తమాషా ఉంది. చల్లని ఫిలమెంటు నిరోధం చాలా తక్కువ కాబట్టి స్విచ్ వేసిన క్షణంలో కరెంటు చాలా రెట్లు ఎక్కువ పోతుంది, పట్టీలు ముందు ఎగిరిపడి తర్వాత సర్దుకుంటాయి. బల్బు ఒళ్లు కాలేంత వేడెక్కుతుంది, చట్రానికి దూరంగా ఉంచండి. బల్బు లేకుండా బ్యాటరీని నేరుగా ఫాయిల్‌కు కలపొద్దు. లిథియం సెల్స్ అసలు వద్దు. గోడ సాకెట్ కరెంటు ఎట్టి పరిస్థితుల్లోనూ వద్దు, పట్టీలు ఏ తొడుగూ లేని లోహం.

తోసుకోవడం చూడాలంటే: రెండు పట్టీల కింది కొసల్ని కలిపేయండి, పై కొసలకు ప్లస్, మైనస్ ఇవ్వండి. కరెంటు ఒకదానిలో దిగి ఇంకోదానిలో ఎక్కుతుంది. స్విచ్ వేయగానే మధ్యలో ఎడం పెరుగుతుంది.

లాక్కోవడం చూడాలంటే: పై కొసలు రెండూ ప్లస్‌కు, కింది కొసలు రెండూ మైనస్‌కు. ఇక్కడ కరెంటు చెరిసగం అవుతుంది కాబట్టి బలం నాలుగో వంతే. అయినా పట్టీలు దగ్గరయ్యే కొద్దీ బలం పెరిగి చివరకు చప్పున అతుక్కుంటాయి. ఒకే ఎత్తులో రెండింటి వోల్టేజీ దాదాపు ఒకటే కాబట్టి తాకినా నష్టం లేదు. కింది నుంచి మైనస్‌కు వెనక్కి వచ్చే తీగను మాత్రం పట్టీల పక్కనుంచి తేకండి, కనీసం 30 సెం.మీ. ఎడంగా చుట్టి తీసుకురండి. ఆ తీగలో రెండు పట్టీల మొత్తం కరెంటూ ఉంటుంది, పక్కన ఉంటే అదీ ఓ చెయ్యి వేస్తుంది.

స్విచ్ రెండు మూడు సెకన్లకు మించి ఉంచకండి. ఫాయిల్ వేడెక్కితే చుట్టూ గాలి లేచి పట్టీలు ఊగుతాయి, అప్పుడు కనిపించేది మన బలం కాదు.

చూసినవాళ్లలో ఎవరో ఒకరు తప్పకుండా అడుగుతారు: ఇది దువ్వెన కాగితం ముక్కల్ని లాగే స్థిర విద్యుత్తే కదా అని. మాటలతో వాదించకండి. తోసుకునే అమరికలో కింది కొసల్ని కలిపిన చోట విప్పేసి స్విచ్ వేయండి. పట్టీల మధ్య ఇప్పుడు పూర్తి 12 వోల్టులూ ఉన్నాయి, కరెంటు లేదు. ఏమీ కదలదు. అక్కడ స్థిర విద్యుత్ ఆకర్షణ ఉన్నమాట నిజమే, కానీ మనం చూసిన బలంలో అది వేల వంతుల్లో ఒకటి.

రెండో పని: కాటా మీద కొలవడం

ఇప్పుడు సంఖ్య కావాలి. 0.001 గ్రాము దాకా చూపే మిల్లీగ్రాము డిజిటల్ కాటా కావాలి. 0.01 గ్రాము కాటాతో ఒంటి తీగ కొలత గుడ్డిగా ఉంటుంది, దానికి వేరే దారి కింద చెప్పాను.

2 మి.మీ. లావు రాగి తీగను 30 సెం.మీ. ముక్కలు రెండు తీసుకోండి. ఒక్కోటి ఎనిమిదిన్నర గ్రాములుంటుంది. తీగ తిన్నగా ఉండడం ముఖ్యం. ఒక కొసను వైస్‌లో బిగించి, రెండో కొసను కటింగ్ ప్లయర్‌తో కొంచెం సాగేదాకా లాగితే వంకరలన్నీ పోతాయి. తర్వాత కొలతకు కోయండి.

కాటా పళ్లెం మీద ఓ థర్మకోల్ దిమ్మ పెట్టి, దాని మీద ఒక తీగను అడ్డంగా అతికించండి. తీగకూ కాటాకూ కనీసం 5 సెం.మీ. ఎత్తు ఉండనివ్వండి, లోపల ఇనుప భాగాలుంటే వాటి ప్రభావం తగ్గుతుంది. రెండో తీగను దానికి సరిగ్గా పైన, కాటాను తాకని చెక్క స్టాండుకు బిగించండి. నడిమి నుంచి నడిమికి 1 సెం.మీ. అంటే 2 మి.మీ. తీగలకు మధ్య ఖాళీ 8 మి.మీ. 8 మి.మీ. మందం వచ్చేలా అట్టముక్కలు కలిపి అంటించి, తీగల మధ్య దూర్చి రెండు కొసల దగ్గరా సరిచూసి, తీసేయండి. ఇక్కడ ఒక మిల్లీమీటరు తప్పితే ఫలితంలో 10 శాతం తప్పినట్టే. మొత్తం ప్రయోగంలో ఓపిక పెట్టాల్సింది ఈ దూరం మీదే.

కింది తీగకు కరెంటు ఎలా ఇవ్వాలి అన్నది అన్నిటికంటే పేచీ. మామూలు వైరు కలిపితే దాని బిరుసుతనమే తీగను పట్టి ఆపేస్తుంది, కాటా కదలదు. 3 మి.మీ. వెడల్పు ఫాయిల్ పట్టీని వదులుగా, విల్లులా వంచి రెండు కొసలా కలపండి. పదేసి ఆంపియర్లు పోయేటప్పుడు రెండు మూడు పొరలు వేయండి. బిరుసుగా ఉందో లేదో తేల్చే పద్ధతి: 80 జీఎస్ఎం కాగితం చదరపు సెంటీమీటరుకు 8 మిల్లీగ్రాములు తూగుతుంది. 2.5 సెం.మీ. చదరపు ముక్క కోసి తీగ మధ్యలో పెట్టండి. కాటా 50 మిల్లీగ్రాములు చూపాలి. 35 చూపితే ఫాయిల్ విల్లులు ఇంకా వదులు కావాలి.

రెండు తీగల్నీ వరసలో కలపండి, అప్పుడు రెండింటిలోనూ ఒకే కరెంటు అన్న పూచీ ఉంటుంది. 10 ఆంపియర్లు, 30 సెం.మీ., 1 సెం.మీ. దగ్గర సూత్రం ప్రకారం 0.0006 న్యూటన్లు, అంటే 61 మిల్లీగ్రాములు రావాలి. మల్టీమీటరుతో కరెంటు చూసేటట్టయితే 10 ఆంపియర్ల సాకెట్టే వాడండి. దాని పక్కన ఎన్ని సెకన్లు ఉంచొచ్చో రాసి ఉంటుంది, దాన్ని లెక్కచేయండి.

ఇక కిటుకు. తీగ తూర్పు పడమరలుగా ఉందనుకోండి. భూమి క్షేత్రంలో అడ్డంగా ఉండే భాగం 40 మైక్రోటెస్లాలైతే (అయస్కాంత క్షేత్రాన్ని కొలిచే యూనిట్), 10 ఆంపియర్లు పోయే 30 సెం.మీ. తీగను అది 12 మిల్లీగ్రాముల బరువుతో పైకో కిందికో నెడుతుంది. 61లో 12 అంటే దాదాపు ఐదో వంతు! అందుకే ఒక్క రీడింగు తీసుకుని సూత్రంతో పోల్చితే లెక్క కుదరదు. చేయాల్సింది ఇది: పై తీగలో కరెంటు దిక్కును మాత్రమే తిప్పండి, కింది తీగను ముట్టుకోకండి. తీగల మధ్య బలం తిరగబడుతుంది. భూమి బలం, ఫాయిల్ విల్లుల మీద అది చూపే ప్రభావం, అవేవీ మారవు. రెండు రీడింగుల తేడాలో సగమే మనకు కావలసిన బలం.

ఉదాహరణకు కరెంటు లేనప్పుడు కాటాను సున్నా చేశాక ఆకర్షణలో −70, వికర్షణలో +48 మిల్లీగ్రాములు వచ్చాయనుకుందాం. తేడా 118, సగం 59. రెండింటి నడిమి −11, అది భూమిది. 61 రావాల్సింది 59 వచ్చిందేమిటంటే, సూత్రం అనంతమైన పొడవు తీగలకు. మనవి 30 సెం.మీ. మాత్రమే. దూరాన్ని పొడవుతో భాగిస్తే వచ్చే భిన్నమంత, ఇక్కడ 30లో ఒకటి, బలం తగ్గుతుంది. 61లో అది రెండు. సరిపోయింది. ఆ −11ను కూడా పారేయకండి: 11 మిల్లీగ్రాముల బరువును 10 ఆంపియర్లతో, 0.3 మీటర్లతో భాగిస్తే భూమి క్షేత్రపు అడ్డ భాగం 36 మైక్రోటెస్లాలని వస్తుంది. అడగని ఫలితం ఒకటి ఉచితంగా దక్కింది. దీన్ని పక్కా కొలత అనను, విల్లుల పాత్ర అందులో కలిసే ఉంటుంది.

తీగల్ని ఉత్తర దక్షిణాలుగా పెడితే భూమి వల్ల వచ్చే ఈ నిలువు తోపు దాదాపు సున్నా అవుతుంది. అయినా దిక్కు తిప్పే పద్ధతిని వదలకండి, అది ఇంకా చాలా తప్పుల్ని కడిగేస్తుంది.

0.01 గ్రాము కాటా మాత్రమే ఉన్నవాళ్లు తీగలకు బదులు చుట్టలు వాడొచ్చు. ఎనామిల్ రాగి తీగతో 30 సెం.మీ. పొడవు, 15 సెం.మీ. వెడల్పు దీర్ఘచతురస్రాకారంలో పదేసి చుట్లు వేసి రెండు చుట్టలు చేయండి. 10 చుట్లలో 3 ఆంపియర్లంటే 30 ఆంపియర్ల తీగతో సమానం. బలం 0.55 గ్రాములకు చేరుతుంది. రెండు చుట్టల్నీ బల్లపరుపుగా, ఒకటి ఎడమకు, ఒకటి కుడికి పరచండి. పొడుగు అంచులు మాత్రమే ఒకదాని పైన ఒకటి రావాలి. అలా చేస్తే అవతలి పొడుగు అంచుల నిలువు బలం అరశాతం దగ్గరే ఉంటుంది. ఒకదాని మీద ఒకటి నిలబెడితే ఆ తప్పు చాలా పెరుగుతుంది. మూసుకున్న చుట్ట కాబట్టి భూమి క్షేత్రం దాన్ని తిప్పాలని చూస్తుందే గానీ మొత్తంగా పైకీ కిందికీ నెట్టదు.

గ్రాఫు ఎలా గీయాలి?

దూరం మార్చకుండా 4, 6, 8, 10 ఆంపియర్ల దగ్గర కొలవండి. అడ్డంగా కరెంటు వర్గం, నిలువుగా బలం వేస్తే సరళరేఖ రావాలి. పైన చెప్పిన కొలతలకు వాలు ఆంపియర్ వర్గానికి 0.6 మిల్లీగ్రాముల దగ్గర ఉంటుంది. రేఖ సున్నా గుండా పోకపోతే భూమి ప్రభావాన్ని తీసేయలేదని అర్థం. పై కొస కిందికి వంగితే ఫాయిల్ విల్లుల బిరుసుతనాన్నో, వేడినో అనుమానించండి. తర్వాత కరెంటు మార్చకుండా దూరం మార్చి, దూరపు విలోమంతో గీయండి.

వర్గంతో పెరగడం ఎంత పెద్ద మాటో కరెంటు సబ్‌స్టేషన్ల బస్‌బార్లలో, అంటే పెద్ద కరెంటును మోసే లోహపు కడ్డీల్లో తెలుస్తుంది. 10 సెం.మీ. ఎడంలో ఉన్న రెండు బార్లలో వెయ్యి ఆంపియర్లు పోతే మీటరుకు 2 న్యూటన్లే, పట్టించుకోనక్కర్లేదు. షార్ట్ సర్క్యూట్‌లో అది క్షణకాలం 50 వేల ఆంపియర్లకు చేరితే మీటరుకు 5,000 న్యూటన్లు, అంటే అర టన్ను పైగా బరువు. బార్లను పట్టుకునే ఇన్సులేటర్లు, బిగింపులు ఎంతెంత దూరంలో ఉండాలో ఈ రెండో సంఖ్యను బట్టే నిర్ణయిస్తారు. ఏసీ అయినా తేడా లేదు. రెండు కరెంట్లూ ఒకేసారి దిక్కు మార్చుకుంటాయి కాబట్టి లబ్ధం గుర్తు మారదు. వచ్చే తీగ, పోయే తీగ ఎప్పుడూ తోసుకుంటూనే ఉంటాయి. 50 హెర్ట్జ్ కరెంటుకు ఆ తోపు సెకనుకు వందసార్లు పెరిగి తగ్గుతుంది.

ఏమీ కదలకపోతే

ముందు కరెంటు నిజంగా ఎంత పోతోందో చూడండి, బ్యాటరీ మీద రాసి ఉన్నదాన్ని నమ్మకండి. చిన్న పెన్సిల్ సెల్ ఒకటి పెట్టినవాళ్లకు దాని లోపలి నిరోధం, క్లిప్పుల దగ్గర నిరోధం కలిసి రెండు మూడు ఆంపియర్లకు మించనివ్వవు. క్లిప్పు దగ్గర ఫాయిల్ వేడిగా, మధ్యలో చల్లగా ఉంటే అక్కడ కలిపింది సరిగా లేదు. ఎనామిల్ తీగ కొసల్ని గరుకు కాగితంతో గీకారో లేదో చూడండి. పట్టీలు రెండూ కలిసి ఒకే పక్కకు జరుగుతుంటే అది భూమి క్షేత్రమో, దగ్గరలో ఉన్న స్పీకరు అయస్కాంతమో. ప్లస్, మైనస్ మార్చి చూడండి: బయటి క్షేత్రమైతే జరిగే దిక్కు మారుతుంది, పట్టీల మధ్య బలమైతే మారదు. కాటా రీడింగు స్విచ్ వేశాక మెల్లగా జారుతూ పోతుంటే అది వేడి. స్విచ్ వేసిన రెండు సెకన్లలోపు వచ్చిన మార్పునే రాసుకోండి, తీగ చల్లారే దాకా ఆగి మళ్లీ తీయండి.